నిమ్మకాయల నడుమ డాక్టరు చిగుళ్లు

ఆ రోజుల్లో కొత్తగా డాక్టరైనవాడికి తెలియనిదంటూ ఉండేది కాదు. తెలియనివన్నీ తర్వాత వయసుతో పాటు వస్తాయి. అరవైల మొదట్లో నన్ను విడవలూరు అవతల, సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఆసుపత్రిలో వేశారు. చర్మాన్నీ, చిగుళ్లనూ, రక్తనాళాలనూ చెదిరిపోకుండా పట్టి ఉంచే కొలాజెన్ అనే మాంసకృత్తి గురించి పరీక్షలో ఆరు పేజీలు రాసి వచ్చినవాణ్ణి (అడిగింది రెండు పేజీలే). కలరా భయం కూడా అంత దండిగానే ఉండేది. ఉడకనిదేదీ నోట పెట్టనని ఒట్టు పెట్టుకుని, పళ్లూ పచ్చళ్లూ దగ్గరికి రానివ్వకుండా, ఆరు నెలలు అన్నం, పప్పు, కాచిన పాలు, బిస్కెట్లతో గడిపాను. డాక్టరు దగ్గరికి వట్టి చేతులతో పోకూడదని అక్కడి జాలర్లు వచ్చినప్పుడల్లా ఒక నిమ్మకాయ తెచ్చి నా చేతిలో పెట్టేవారు. నేను గంభీరంగా అందుకుని, కాంపౌండరుకిచ్చేసి, సబ్బుతో చేతులు కడుక్కునేవాణ్ణి. కాంపౌండరింట్లో ఊరగాయ జాడీలు నిండిపోయాయి.

ఏడో నెలలో పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి నెత్తురు. పిక్కల మీద కమిలిన మచ్చలు. పుస్తకం తిరగేస్తే రక్తపు కాన్సరని తేలింది (పుస్తకంలో మనకు తేలేది ఎప్పుడూ పెద్ద జబ్బే). అప్పటికే బుచ్చిరెడ్డిపాలెం సంబంధం ఖాయమై, పదిహేను రోజుల్లో పెళ్లి. ఆ అమ్మాయంటే నాకు చెప్పలేనంత ఇష్టం. నాకు నయంకాని జబ్బుందనీ, వేరే సంబంధం చూసుకోమనీ కాబోయే మామగారికి ఉత్తరం రాశాను. నాలుగుసార్లు చదువుకుని, నాలుగుసార్లూ ఏడ్చి, టపాలో వేశాను.

మూడో రోజు, పెద్ద యుద్ధంలో సైనికాసుపత్రిలో పనిచేసి వచ్చిన మా కాంపౌండరు ఇక ఉండబట్టలేక నా నోరు తెరిపించి చూశాడు.

"పుల్లటిది తిని ఎన్నాళ్లయింది సార్? బర్మాలో ఇట్టాంటి నోళ్లు శానా చూసినా. ఇది స్కర్వీ గదా" అన్నాడు.

సి విటమిన్ లేకపోతే ఒంట్లో కొలాజెన్ సరిగా తయారుకాదని నా ఆరు పేజీల్లో మొదటి పేజీలోనే రాశాను. సిగ్గుతో చచ్చి, పూటకో నిమ్మకాయ పిండుకుని తాగాను. వారంలో చిగుళ్లు కుదుటపడ్డాయి. కానీ ఇంకో ఉత్తరం రాయడానికి మొహం చెల్లక, పెళ్లి నా చేతులారా పోగొట్టుకున్నానని కుమిలిపోతూనే ఉన్నాను.

అప్పుడు మామగారు బస్సు దిగారు, జేబులో నా ఉత్తరంతో. తలొంచుకుని ఉన్నదంతా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"నిమ్మకాయ సంగతి అట్టుండనీ అబ్బయా. పోతానని తెలిసి గూడా మా పిల్ల బతుకు గురించి ఆలోచించినావు. నీలాంటోణ్ణి ఇంకేడ వెతికేది?" అన్నారు.

నిజానికి ఆ ఉత్తరం రాస్తున్నంతసేపూ, అది చదివి ఆ అమ్మాయి నా కోసం ఎంత ఏడుస్తుందోననే ఆలోచించాను. ఆ మాట ఆయనతో చెప్పబోయి, పెళ్లి మళ్లీ చెడుతుందేమోనని మానుకున్నాను. ఆయన పోయేదాకా నన్ను అంత మంచివాడిగానే నమ్మారు. ఆ నమ్మకం చెడకుండా ఉండటానికి నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. పడీ పడీ, కొంతవరకు మంచివాణ్ణే అయ్యానేమో.