పత్తి జిన్ను తలుపు

సుగుణ పీహెచ్‌డీలో చేరినప్పుడు ఇంట్లో ఎవరూ పండగ చేసుకోలేదు, వద్దని కూడా అనలేదు. అప్పటికే ఆమెకు ముప్పై దాటాయి. హనుమకొండలో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో హిస్టరీ చెప్పేది. భర్త మల్లికార్జున్ కరెంటాఫీసులో గుమాస్తా. తండ్రి కిషన్ రావుకు చౌరస్తా దగ్గర కిరాణా దుకాణం.

"చదువుకో బిడ్డా, ఎవరు కాదన్నరు? పానం మాత్రం ఖరాబు చేసుకోకు" అన్నాడు తండ్రి. అది 1977.

నిజాం కాలంలో వరంగల్ పత్తి జిన్నుల్లో, అంటే పత్తినుంచి గింజ తీసే మిల్లుల్లో, కూలికి పోయిన ఆడవాళ్ల బతుకు ఆమె తీసుకున్న విషయం. దాని మీద అచ్చులో ఉన్నది చాలా తక్కువ. ఉన్నదాంట్లో ఒక పేరా మాత్రం ప్రతి పుస్తకంలోనూ కనిపించేది. 1938 ఎండాకాలంలో స్టేషన్ దగ్గరి ఒక జిన్నులో నిప్పంటుకుందని, తలుపు తెరిచే ఉన్నా ఆడవాళ్లు బెదిరిపోయి ఒకరినొకరు తొక్కుకుని చనిపోయారని. చివరికి కామాలు కూడా మారకుండా అదే పేరా.

సుగుణ ఆ పుస్తకాలన్నీ తన గైడు రాజేశ్వర్ రావు ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చూడమ్మా, ఒకరిది చూసి ఇంకొకరు రాసుకుంట పోయిండ్రు. మొట్టమొదలు రాసినాయన ఏం చూసి రాసిండో అది వట్టుకురా. అప్పుడే నీది రిసెర్చ్ అయితది. లేకుంటే నువ్వు కూడ వీళ్లల్ల ఒకదానివి."

అట్లా మొదలైంది తిరుగుడు. పాత రికార్డులు ఉన్నది హైదరాబాదులో. ఆదివారం ఆ ఆఫీసు మూసి ఉంటుంది కాబట్టి కాలేజీకి సెలవు పెట్టాల్సిందే. కాజీపేటలో పొద్దుటి ప్యాసింజరు ఎక్కితే స్టేషన్ ఘన్‌పూర్ దాకా కాస్త ఊపిరాడేది. అక్కడ కూరగాయల గంపలు ఎక్కేవి. ఇక కాళ్లు మడుచుకుని కూర్చోవడమే. హైదరాబాదు ఆఫీసుకు చేరి, చీటీ రాసిచ్చి, బెంచీ మీద కూర్చుంటే, ఎప్పటికో ఆ చీటీ తిరిగొచ్చేది. దాని మీద 'దొరకలేదు' అని రాసి ఉండేది. అంత దూరం పోయి, ఉత్త చేతులతో మళ్లీ సాయంత్రపు బండి. దుమ్ముకు దగ్గు పట్టుకుంది, పోలేదు.

ఫైళ్లన్నీ ఉర్దూలో. తండ్రి ఉర్దూ మీడియంలో చదివినవాడు గనుక కాలేజీకి పోయేముందు దుకాణంలో గల్లాపెట్టె పక్కన కూర్చుని అతని దగ్గర అక్షరాలు దిద్దింది. అచ్చు ఉర్దూ చదవడం వచ్చింది. గొలుసుకట్టు చేతిరాత మాత్రం కన్నీళ్లు పెట్టించింది.

రెండెండాకాలాలు పోయాక ఆ ఫైలు దొరికింది. అగ్నిప్రమాదం మీద జరిపిన విచారణ రిపోర్టు. ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి. చదవలేకపోయిన చోటల్లా పెన్సిలుతో అక్షరాల ఆకారం చూసి బొమ్మ గీసినట్టు గీసుకుని వరంగల్ తెచ్చింది. కిషన్ రావు ఆ కాగితాలను వెలుతురుకు పట్టుకుని చదివాడు.

"రాసినోడు అక్షరాలకు నుక్తాలు, గా చుక్కలు, పెట్టలేదు. శాన తొందరల ఉన్నట్టుండు" అన్నాడు. కాసేపటికి వేలు ఒకచోట ఆపాడు. "జిన్ను కావలి పోశయ్య అట, గవాహి, సాక్ష్యం ఇచ్చిండు. దర్వాజా ఖులా థా. తలుపు తెరిచే ఉండె అంటాండు. కింద ఏలిముద్ర."

రాజేశ్వర్ రావు సంతోషించాడు. "ఇదే అసలు ఆధారం. ఇగ రాసెయ్యి" అన్నాడు.

సుగుణ రాయడానికి కూర్చుంది. రాస్తుంటే ఒక సంగతి ఆమెకు అడ్డం పడింది. రిపోర్టులో మేనేజరు మాట ఉంది, పోలీసు అమీను మాట ఉంది, కావలివాడి మాట ఉంది. లోపలినుంచి బతికి బయటపడ్డ ఆడవాళ్లను ఒక్కరినీ అడగలేదు. కలం పక్కన పెట్టింది. రిపోర్టులో పేర్లున్నవాళ్లను వెతకడంలో ఇంకో ఏడాది పోయింది.

పోశయ్య చనిపోయి చాలా కాలమైంది. అతని భార్య బక్కమ్మ, స్టేషన్ ఘన్‌పూర్ అవతల ఒక పల్లెలో, కొడుకు రాజమల్లు దగ్గర ఉందని తెలిసింది. సుగుణ పోయేసరికి ఆ ముసలామె వాకిట్లో పల్లికాయ ఏరుతోంది. సుగుణ పక్కన కూర్చుని, తనెవరో చెప్పి, రిపోర్టులో పోశయ్య మాటలు తెలుగులో చదివి వినిపించింది.

బక్కమ్మ చేతులు ఆగలేదు. ఏరిన కాయలు ఒక పక్కకు నెట్టింది. తర్వాత అంది:

"గట్లనే చెప్పిండు బిడ్డా. చెప్పకుంటే మమ్ముల బతుకనిస్తుండ్రా?"

"అంటే తలుపు తెరిచి లేదా అవ్వా?"

"తాళమేసింది ఆయననే. ఆడోళ్లు కొంగుల పత్తి కట్టుకపోతాండ్లని జిన్ను సేటు ఏయమన్నడు. దినాం ఏసేది. గా దినం తాళం చాబి మేనేజరు తీస్కపోయిండు. అగ్గి లేసినంక ఈయన గొడ్డలికి ఉరికిండు. వచ్చేసరికి అంత అయిపోయిందట. గంతే చెప్పిండు నాకు. మల్ల గా ముచ్చట ఎత్తలె." ఆమె ఒక గట్టి కాయను చిట్లగొట్టి పారేసింది. "గప్పటిసంది ఇంట్ల పండలె. వానకాలం సుత అరుగు మీదనే. ఎవలన్న దర్వాజ దగ్గరికేస్తే లేసి కూసునేది."

సుగుణ చేతిలోని కాగితాలు మడిచింది. "ఇది నేను రాయొచ్చా అవ్వా?"

"వద్దు." బక్కమ్మ మొదటిసారి తలెత్తింది. "నా కొడుకు ఊళ్లె తిరగాలె. మనుమలున్నరు. రాయకు బిడ్డా."

తిరుగు బండిలో సుగుణకు నిలబడే చోటు కూడా సరిగా దొరకలేదు. ఇప్పుడు తలుపు తెరిచి ఉందని రాయడానికి లేదు. మూసి ఉందనీ రాయడానికి లేదు. ఆ తర్వాత చాలా నెలలు ఆమె థీసిస్ కాగితాల కట్ట విప్పలేదు. "ఎంతవరకు వచ్చింది?" అని మల్లికార్జున్ అడగడం మానేశాడు. యూనివర్సిటీ గడువు పెంచమని మళ్లీ మళ్లీ దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది.

చివరికి పేరు చెప్పకుండా సంగతంతా రాజేశ్వర్ రావుకు చెప్పింది. ఆయన కొట్టిపారేయలేదు.

"నేను నమ్ముత. కాని అమ్మా, నలభై ఏండ్ల తర్వాత ఒక్కరి నోటి మాట, అది కూడ పేరు లేకుంట. సర్కారు కాగితం ముందర నిలవది. ఇంకొకరు కావాలె. నువ్వు చెప్పిన మనిషికి తెల్వనివాళ్లు, లోపల ఉన్నవాళ్లు."

"ఉంటరా సార్ ఇంక?"

"ఏమో మరి. నువ్వే చూడాలె."

పాత జిన్ను కూలీల వాడల్లో ఇల్లిల్లూ తిరిగింది. కాలేజీ, ఇంటిపని, మధ్యలో ఈ తిరుగుడు. చాలామంది తమకు తెలియదన్నారు, కొందరు తమ అమ్మకు తెలిసేదని, ఆమె చనిపోయిందని అన్నారు. చివరికి ఒకామె చెప్పింది, చెయ్యి కాలి బతికి బయటపడ్డ కట్టమ్మ అనే ఆమె, మొగుడికి రైల్వేలో గ్యాంగ్‌మన్ పని దొరికితే డోర్నకల్ వెళ్లిపోయిందని.

1983లో కాలేజీ టేప్ రికార్డరు అడిగి తీసుకుని సుగుణ డోర్నకల్ పోయింది. కట్టమ్మ రైల్వే క్వార్టర్ల వెనక మేకలు పెట్టుకుని ఉంది. ఎడమ చేతి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. సుగుణ తాళం మాట ఎత్తలేదు. తనెత్తితే ఆ మాట తనదవుతుందని ఆమెకు తెలుసు. ఒక్కటే అడిగింది.

"ఆ రోజు మీరు బయటికి ఎట్ల వచ్చిండ్రు అవ్వా?"

"ఎట్ల వచ్చిన్నంటె..." కట్టమ్మ ఆ చేతిని ఒళ్లో పెట్టుకుంది. "ముందుగాల అందరం దర్వాజ మీద వడ్డం. గుద్దినం, తన్నినం. రాలె. దినాం బయటినుంచి తాళముంటుండె గద. ఎనుక గోడకు పైన ఒక కిటికుండె, పత్తి బొరెల మూటలు లోపల్కి నూకేటిది. అందది. యాకమ్మని మా జతది ఒకతి ఉండె. నన్ను భుజం మీదికెత్తింది. నేను ఎల్లిన." ఆమె కొంగుతో ఆ వేళ్లు కప్పుకుంది. "ఆమెను ఎత్తేటోళ్లు లేకుండ్రి."

మేకలు అరుస్తున్నాయి. టేపు తిరుగుతోంది.

"బయట పడ్డంక ముందరికి ఉరికొచ్చిన. ఒకడు గొడ్డలితోని దర్వాజ నరుకుతాండు. ఇనుపపట్టీల దర్వాజ, ఏం తెగుతది? ఏడ్సుకుంట నరుకుతాండు. చేతులన్ని రక్తం. నలుగురు గుంజినా వస్తలేడు. కావలోడట. పేరెరుకలేదు."

సుగుణ ఒకవైపు అయిపోయిన క్యాసెట్టును తిప్పి పెట్టి, మిగిలిన ప్రశ్నలు కూడా అడిగింది. కూలి ఎంత, తిండి ఎక్కడ తినేవారు, పిల్లలను ఎక్కడ పండబెట్టేవారు. పని పనే.

ఆ టేపు తీసుకుని ముందు గైడు దగ్గరికి పోలేదు. బక్కమ్మ దగ్గరికి పోయింది. రాజమల్లు కూడా ఇంట్లోనే ఉన్నాడు. సుగుణ మొదటిసారి వచ్చిపోయాక తల్లి చెప్పగా తాళం సంగతి అతనికి తెలుసు. సుగుణ కట్టమ్మ మాటలు వినిపించింది. గొడ్డలి మాట వచ్చినప్పుడు బక్కమ్మ చెయ్యెత్తి, "మల్లోపాలి పెట్టు" అంది. మళ్లీ పెట్టింది సుగుణ.

"అయిపోయింది అన్నడు నాతోని" అంది బక్కమ్మ. "నరికిన్నని చెప్పలె. ఎన్నడు చెప్పలె."

రాజమల్లు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నాయిన మా మీద కోపంతోని బయట పండిండనుకున్న ఇన్నేండ్లు" అన్నాడు. ఆ తర్వాత సుగుణ వైపు తిరిగి, "రాయి అక్కా. తాళమేసింది కూడ రాయి. ఎవలు ఏయమన్నరో అది సుత రాయి" అన్నాడు. బక్కమ్మ కాదనలేదు.

ఆ అధ్యాయాన్ని సుగుణ మూడుసార్లు రాసింది. రిపోర్టు ఏమంటుందో ముందు రాసింది. ఎవరిని అడిగారో, ఎవరిని అడగలేదో రాసింది. తర్వాత ఇద్దరు ఆడవాళ్ల మాటలు వాళ్ల మాటల్లోనే పెట్టింది. పొద్దెక్కాక అగ్గి లేచిందని కట్టమ్మ అంటే, సాయంత్రమని పోశయ్య తనకు చెప్పాడని బక్కమ్మ అంది. ఆ తేడాను సరిచేయకుండా అట్లాగే ఉంచింది. సేటే తాళం వేయమన్నాడని బక్కమ్మ తప్ప చెప్పినవాళ్లు లేరని కూడా రాసింది. అది రాస్తున్నప్పుడు ఆమెకు కష్టమనిపించింది, కానీ రాసింది.

థీసిస్ ఇచ్చాక పరీక్షకుల్లో ఒకరు ముసలివాళ్ల జ్ఞాపకాలను ఆధారమంటారా అని తిప్పి పంపారు. మళ్లీ రాసి, క్యాసెట్ల నకళ్లు జతచేసి ఇచ్చింది. 1985లో వైవా జరిగింది. అదే ప్రశ్న మళ్లీ అడిగారు. "ఆ కాగితం కూడ ఒక కావలాయన నోటి మాటనే సార్. బతుకనియ్యరని భయపడి చెప్పిన మాట" అంది సుగుణ. ఆ గొంతులో వాదించే ఓపిక కూడా లేదు. వాళ్లు ఒకరినొకరు చూసుకుని సంతకాలు పెట్టారు.

ఇంటికొచ్చేసరికి మల్లికార్జున్ గుమ్మంలో ఉన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

అతను ఇంకేమీ అడగకుండా పోయి అన్నం వడ్డించాడు. ఆమె సగం తిని, అక్కడే చాప మీద పడుకుంది. ఆ ఎండాకాలం అంతా సుగుణ ఒక్క పుస్తకం కూడా తెరవలేదు. పొద్దున్నే లేచి, నీళ్లు పట్టి, దుకాణంలో తండ్రి పక్కన కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తూ గడిపింది.