నలభై డిగ్రీల ఇనుము

నమ్మకం అంటే నాకిప్పటికీ మా సైన్సు మాస్టారే గుర్తొస్తారు. అరవైల్లో కోవూరులో నేను తెలుగు చెప్పిన బడిలో ఆయన నోట ఎప్పుడూ ఒకటే మాట: "లెక్క తప్పదండీ."

ఓ రోజు బడి పక్క కొలిమి దగ్గర కమ్మరి బండిచక్రానికి ఎర్రగా కాల్చిన ఇనప పట్టా తొడిగి నీళ్ళు పోశాడు. మాస్టారు ఇనుము బరువు, నీళ్ళ బరువు, రెండింటి ఉష్ణోగ్రతలు, విశిష్టోష్ణాలు వేసి, గోడమీద సుద్దముక్కతో తేల్చారు: నలభై డిగ్రీలు.

"ముట్టుకోబాకండి అయ్యోరా, ఇంకా కాలతా ఉండాది," అన్నాడు కమ్మరి.

"లెక్క తప్పదు," అంటూ మాస్టారు అరచెయ్యి ఆనించారు. పోసిన నీళ్ళలో సగం నేలపాలైన సంగతి ఆ లెక్కలో లేదు.

ఆ వారం పరీక్షలో అదే లెక్క ఇచ్చారు. కుడిచేతికి కట్టుతో, ఎడమచేత్తో పేపర్లు దిద్దారు. నలభై అని రాసినవాళ్ళందరికీ పూర్తి మార్కులు. "చెయ్యి కాలుతుంది" అని రాసిన కమ్మరి కూతురికి సున్నా.