ఇసుక చల్లని రోజు

చలికాలం పొద్దున్నే, కాఫీ కూడా తాగకుండా, కలెర్వో గుమ్మం దిగి బూటు మడమను దారి మీద ఆనించి ఒక్క తిప్పు తిప్పుతాడు. కరకరమంటే ట్రాక్టరుతో మంచు తోసేస్తే చాలు. చప్పుడు లేకుండా తిరిగిందంటే కింద గడ్డకట్టిందన్నమాట, ఇసుక చల్లాలి. తూర్పు ఫిన్లాండులోని ఆ కొండదారిని ముప్ఫై ఏళ్లుగా అతను మడమను నమ్ముకునే చూసుకున్నాడు.

దారి చివర, కొండ మీద, లెంపి ఇల్లు. ఉత్తరాల పెట్టె కొండ కింద ఉండటంతో ఎనభై దాటినా రోజూ దిగివచ్చేది. ట్రాక్టరు కనబడితే ఆపించకుండా పోయేది కాదు.

"ఏరా కలెర్వో, ఇది ఇసుకా, బన్ను మీద చక్కెరా? చెయ్యి రావట్లేదా?"

"నీ నడకకి అది చాల్లే అక్కా. ఇంకాస్త చల్లితే పట్నం దాకా పరిగెత్తేస్తావు."

ఒక ఫిబ్రవరిలో ఆమె భర్త ఆర్విద్ పోయాడు. చర్చికి వెళ్లేముందు శవపేటిక ఉన్న బండి ఒక్కసారి ఇంటి ముందు ఆగాలని లెంపి కోరింది. ఆ పొద్దున కలెర్వో దారిని అడుగంటా గీకాడు. మడమ చప్పుడు చేయలేదు. అయినా, తెల్లటి దారి మీద నల్లటి ఇసుక మసి పూసినట్టు ఉంటుంది. ఆర్విద్‌ను అలా సాగనంపడానికి అతనికి మనసొప్పలేదు. చావింటి ఆచారం ప్రకారం గుమ్మం నుంచి బండి ఆగే చోటు దాకా స్ప్రూస్ చెట్టు పచ్చి రెమ్మలు పరిచాడు. బండికి మంచు మీద జారని మేకుల టైర్లున్నాయి, మనుషులకు రెమ్మలున్నాయి అనుకున్నాడు.

లెంపి పేటికను తాకాలని చెయ్యి చాపింది. కాలి కింద రెమ్మ మంచుగడ్డ మీద సర్రున జారింది.

ఆర్విద్ బండి చర్చికి వెళ్లింది. తుంటి విరిగిన లెంపిని అంబులెన్సు పట్నం తీసుకెళ్లింది. రెమ్మలు ఎంత అందంగా పరిచావో అని ఊళ్లో ఇద్దరు ముగ్గురు కలెర్వోను మెచ్చుకున్నారు కూడా.

లెంపికి ఒకటే పట్టు, ఇంటికి పోవాలని. నడవగలిగితే పంపుతామన్నారు ఆసుపత్రిలో. కలెర్వో చూడటానికి వెళ్లినప్పుడల్లా దారి సంగతే అడిగేది. మే నెలలో నర్సు అతన్ని వరండాలో ఆపి, ఆమె ఇక ఒంటరిగా ఉండలేదని చెప్పింది. లోపలికి వెళ్లగానే అదే ప్రశ్న.

"దారెలా ఉందిరా?"

"ఇంకా జారుతోంది అక్కా. కొన్నాళ్లు ఆగు."

లెంపి కిటికీలోంచి చూసింది. బిర్చ్ చెట్లు నిండా చిగురించాయి.

"ఈ వయసొచ్చినా అబద్ధం ఆడటం రాలేదురా నీకు," అని నవ్వింది. దుప్పటి అంచు సర్దుకుంది. "అయితే నన్నిక పంపరన్నమాట."

అతను తల వంచుకున్నాడు. "ఆ రోజు నేను ఇసుక చల్లలేదక్కా."

"నాకు కళ్లు లేవట్రా? దారి అంత తెల్లగా ఎప్పుడుంది? ఆర్విద్ లేచి ఉంటే నిన్ను చీపురుతో తరిమేవాడు."



లెంపి ఇల్లు కొన్నవాళ్లు వేసవిలోనే వస్తారు. కలెర్వోకి ఇప్పుడు డెబ్బై నాలుగు. గురువారం గురువారం బస్సెక్కి పట్నం వెళ్లి, లెంపి మంచం పక్కన కూర్చుని పేపరు చదివి వినిపిస్తాడు.