మా పెరటి దండెం

పొద్దున్నే మేడ మెట్లెక్కగానే తడిగుడ్డల వాసన తగిలింది. పలచటి చలికాలపు ఎండలో, దండెం నిండా జానెడేసి పాతచీర ముక్కలు ఆరేసి ఉన్నాయి. మా మేనల్లుడికి కూతురు పుట్టి నెల దాటింది. పాపను చూద్దామని రాత్రి బరంపురం వచ్చి, పాప ముఖం చూడకముందే దాని గుడ్డలు చూశాను. ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ముందు పెరట్లోకే పోతాయి. ఇది మర్యాద కాదని మా ఆవిడ ముప్పై ఏళ్లుగా విసుక్కుంటూనే ఉంది. ఈ అలవాటు నాకు అంటించిన మనిషిని ఆమె చూడలేదు కనక ఆ తిట్లన్నీ నేనే తింటున్నాను.

ఆయన పేరు సింహాద్రిరావు గారు. గంజాం జిల్లా ఇంకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి టీకాల ఇన్‌స్పెక్టరుగా మా గోపాలపూర్ వచ్చారు. మనిషి పొట్టి, సైకిలు పొడుగు. ఎక్కాలంటే ఏదో ఒక అరుగు పక్కకు తోసుకుపోయేవారు, అందుకు నవ్వితే తానూ నవ్వేవారు. ఎండలకు టీకా మందు పాడైపోతుంది కనక మా పని జోరంతా చలికాలంలోనే. ఆ ఏడు రంగూన్ ఓడ దిగినవాళ్లలో ఇద్దరికి మశూచి ఉందని తేలింది. అది ఊళ్లో పాకేలోగా చంటిపిల్లలందరికీ టీకాలు పడాలి.

"నువ్విక్కడ పుట్టినోడివి. నాకు ఊరు సూపించవయ్యా," అన్నారు చేరిన మర్నాడే.

నాకప్పుడు ఇరవై ఏళ్లు, టీకాలు వేసే ఉద్యోగంలో చేరి మూడు నెలలు. ఊరు చూపించడం పెద్ద పనేమీ కాదు. మా సందు చూపించకుండా ఊరంతా చూపించడమే పెద్ద పని. మా ఇంట్లో, పురిటికి పుట్టింటికొచ్చిన మా అప్ప కొడుకు, అయిదు నెలల పసివాడు, టీకా లేకుండా ఉన్నాడు. అమ్మ వేయనివ్వలేదు. టీకాలవాడి ఇంట్లోనే వేయించుకోలేదు, మాకెందుకని సందులో మిగతావాళ్లూ తలుపులు మూసుకున్నారు. నేను మా ఇంటితో సహా ఎనిమిది ఇళ్లకు ఎదురుగా రిజిస్టరులో 'పిల్లలు లేరు' అని రాసి ఊరుకున్నాను. అది తలుచుకుంటే ఈ వయసులో కూడా సిగ్గేస్తుంది.

మంచు విడవకముందే రెండు సైకిళ్ల మీద బయలుదేరాం. మందు గొట్టాలు తడిగుడ్డలో చుట్టి ఆయన హ్యాండిలుకు వేలాడదీసుకున్నారు. దీపస్తంభం, దొరల బంగళాలు, ఓడ సరుకు దించే గోదాములు అన్నీ చూపించాను. ఆయన దేనికేసీ సరిగ్గా చూడలేదు. రేవు దగ్గర రోడ్డు చీలిన చోట కాలు నేల మీద ఆనించి, కుడివైపు చూపించి అడిగారు.

"ఇటేటుంది?"

"ఏం లేదండి. పాత గోదాములు."

అటు మా సందు ఉంది. ఆయన తలూపి నా వెనకే ఎడమవైపు వచ్చారు. నా ప్రాణం కుదుటపడింది.

జాలర్ల వాడలో మాత్రం ఆయన ముందు నడిచారు. వీధిలోంచి కాదు, వెనకనుంచి. ఆరిన వలల మధ్యనుంచి, చేపల కంపులోంచి, ఇసకలో సైకిలు దిగబడుతుంటే ఈడ్చుకుంటూ. "వీధి గుమ్మం అబద్ధం ఆడతాది. దండెం ఆడదు," అన్నారు. ఒక ఇంటావిడ మమ్మల్ని చూసి వాకిలికి అడ్డంగా నిలబడింది.

"మా ఇంట పసోల్లు లేరు బాబూ. ఎల్లండి."

"అలాగా. మరి ఆ దండెం మీద గుడ్డలెవులివమ్మా, నీ పెనివిటివా?"

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. సింహాద్రిరావు గారు మంచినీళ్లడిగి, గుమ్మంలో చతికిలబడి, వలల సంగతీ గాలి సంగతీ మాట్లాడారు. అరగంటకు ఆవిడే పిల్లను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. టీకా వేశాక కూడా ఆయన లేవలేదు. మనం వీధి మలుపు తిరగ్గానే మందు తుడిచేస్తారు, తడి ఆరేదాకా కూర్చోవాలి అన్నారు. ఆ కూర్చున్నంతసేపూ ఆవిడ నన్నే చూసింది.

"మీ ఇంట్లో పిల్లలున్నారేటి బాబూ? ఆల్లకీ ఏసినావా?"

మామూలుగానే అడిగింది. నేను టీకా కత్తి తుడుచుకుంటూ కూర్చున్నాను. తుడిచిందే తుడుస్తున్నాను. సింహాద్రిరావు గారు సముద్రం వైపు చూస్తున్నారు.

మధ్యాహ్నం దాటేసరికి వాడ మూడొంతులు పూర్తయింది. ఒక్క గొట్టం మిగిలింది. తిరుగు దారిలో మళ్లీ ఆ చీలిక వచ్చింది. ఆవిడ మాట చెవిలోంచి పోలేదు. ముక్కూ ముఖం తెలియని మనిషి తన బిడ్డను నా ఒళ్లో పెట్టింది. నేను మా అమ్మకు భయపడి మా బిడ్డను దాచాను. హ్యాండిలు కుడివైపు తిప్పాను.

"అయ్యా, పొద్దున అబద్ధం చెప్పాను. ఇటు మా ఇల్లుంది. చంటివాడున్నాడు."

"తెలుసు. ఇల్లు కనుక్కుని, తెల్లారీసరికే మీ సందు ఎనకనుంచి వొచ్చినాను. దండెం సూసినాను," అన్నారు ఆయన.

"మరి అడగలేదేమండీ?"

"నానడిగితే నా బలవంతం మీద ఏసినట్టుంటాది. నువ్వే తీసికెల్తావేమోనని సూసినాను. పద."

మమ్మల్ని చూడగానే అమ్మకు విషయం అర్థమైపోయింది. పిల్లాణ్ని తీసుకుని గోడవారకు జరిగింది.

"పుట్టెంటికలు తీసినదాకా ఈడి ఒంటికి ఇనుం తగలనివ్వనని అమ్మోరికి మొక్కినాను. ఉజ్జోగం పోతే పోనీ నాయినా, ఈడి జోలికి రాకు."

నాకు ఒళ్లు మండింది. గట్టిగా ఏదో అనబోయాను. సింహాద్రిరావు గారు నా భుజం మీద చెయ్యి వేసి, పెరట్లోకి వెళ్లి, మా నిమ్మచెట్టు చుట్టూ తాపీగా ఒకసారి తిరిగి వచ్చారు.

"మాట తప్పమనడం నేదమ్మా. ఇనుం వొద్దు. నిమ్మముల్లు మీద మొక్కేదైనా ఉందేటి?"

అమ్మ నిమ్మచెట్టు కేసీ, పిల్లాడి కేసీ మార్చి మార్చి చూసింది. చివరికి, "ముల్లు మీద మొక్కేటుంటాది," అంది గొణుగుతున్నట్టు. ఆ మాట కోసమే అయిదు నెలలుగా కాచుకుని ఉన్నట్టు మా అప్ప లేచి పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

మరిగిన నీళ్లలోంచి ముల్లు తీసి ఆయన నా చేతికిచ్చారు. మీరే వేయండి అని బతిమాలాను. "నాను రేపో మాపో బదిలీ అయిపోతాను. సందోల్లు నమ్మాల్సింది నిన్ను," అన్నారు. నా చెయ్యి వణికింది. "నాను పట్టుకున్నాన్లే, గియ్యి," అని అప్ప వాడి చెయ్యి కదలకుండా పట్టుకుంది. వంకరగా గీశాను. వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. ఆయన అరుగు మీద కూర్చుని, తడి ఆరేదాకా, నిమ్మకాయ ఊరగాయలో మెంతులు ఎంత వేస్తావని అమ్మను అడుగుతూనే ఉన్నారు.

పొక్కు లేస్తే టీకా పట్టినట్టు. ఎనిమిదో రోజుకు లేచింది. అమ్మ దాన్ని చూసి, నాతో ఒక్క మాటా అనకుండా, పిల్లాణ్ని చంకనేసుకుని సందులో ప్రతి గుమ్మం ఎక్కి దిగింది. సాయంత్రానికి ఏడు ఇళ్లు నన్ను పిలిచాయి. నేను రిజిస్టరులో ఎనిమిది గీతలు కొట్టి ఎనిమిది పేర్లు రాశాను. మాఘంలో మశూచి మా సందుకూ వచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లు పోయారు. పిల్లల్లో ఒక్కరూ పోలేదు. ఆ వేసవికే సింహాద్రిరావు గారికి బదిలీ అయింది. మళ్లీ చూడలేదు. నాకంటూ ఒక ధైర్యం ఉంటే అది ఆయన పెట్టిన భిక్ష.

మేడ దిగి వచ్చేసరికి మేనల్లుడు బనియనుతో నూతి దగ్గర పళ్లు తోముకుంటున్నాడు. అందరికీ ఉన్నట్టు గుండ్రటి టీకా మచ్చ కాదు వాడిది. జబ్బ మీద వంకరటింకర గీత, నా చేతి వణుకు ఇంకా అక్కడే ఉంది.

"పాపకు టీకా వేయించావురా?"

"ఎల్లుండి ఏయిత్తాను మావయ్యా. ఇంత సలిలో ఏటి తొందర?"

"చలికాలంలోనే వెయ్యాలి," అని పాపను ఎత్తుకున్నాను. "ఇవాళే. నువ్వు సైకిలు తియ్యి, నేను వెనక కూర్చుంటాను."