తడిచేతిలో జారే మెరుపు

చెల్లెలు సుబ్బులుకి,

నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మరిదిగారి దగ్గు తగ్గిందా? కోడలికి అన్నం సయిస్తోందా? నేను బాగానే ఉన్నాను గాని, పొద్దున్నే ఒక బేరం చెడగొట్టుకున్నాను.

మీ బావ పోయాక చేపలు పట్టే గాలంకర్రలు నేనే కడుతున్నాను కదా. ఇవాళ కొత్త ఓవర్సీరు బెజవాడలో కొన్న కర్ర ఒకటి తెచ్చాడు. పిడికి చుట్టిన ఎర్రదారం వార్నీషుతో అద్దంలా మెరుస్తోంది. తనకు నేను కడుతున్న కర్రకూ అలాగే పూయమన్నాడు. పైన దారం చుట్లకు వార్నీషు పూస్తాను గాని, చెయ్యి పట్టేచోట జారకుండా మైనమే రుద్దుతానన్నాను.

"మైనం మురికిగా ఉంటది అవ్వా. నలుగురూ చూడొద్దా?"

"చూస్తే చూడనీ బాబూ. కృష్ణలో నాచురాళ్ళ మీద నిలబడేది నువ్వు. కర్ర జారితే దానెంట నువ్వూ పోతావు."

ఆయన నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. చెంబుతో ఆయన చేతుల మీద నీళ్ళు పోసి, ఆ మెరిసే కర్రను గట్టిగా పట్టుకోమన్నాను. కొస పట్టి ఒక్క గుంజు గుంజితే కర్ర నా చేతికి వచ్చేసింది!

"అయినా నాకు మెరుపే కావాలి," అన్నాడు మొహం ముడుచుకుని.

"అయితే ఇంకెవరి చేతనన్నా పూయించుకో. నేను చచ్చినా పూయను."

తన బెజవాడ కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. ఈ యుద్ధం రోజుల్లో ఇంకో బేరం ఎప్పుడొస్తుందో, ఆయన కోపం ఎందాకా పోతుందోనని ఒకటే భయం. అయినా సాయంత్రం కూర్చుని, ఆయనకని కడుతున్న కర్ర పిడికి మైనమే రుద్దాను. నువ్వైతే ఏం చేసేదానివి?

బుధవారం పొద్దుటి రైలుకు ఆ మైనం కర్రతో సహా వస్తున్నాను. మరిదిగారిని చేతులు తడుపుకుని ఉండమను.