కూత తెగలేదు, తెంపాడు

మా రిగ్గర్ పోయాడు. జగిత్యాల దగ్గర తన ఊళ్ళో, పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడట. చెంబు వచ్చేలోపే పక్కకు ఒరిగిపోయాడట. సౌదీలో, జుబైల్‌లోని నా గదిలో ఉదయం టీ తాగుతుంటే కబురు తెలిసింది. పాత కబడ్డీ జట్టు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన ఫొటో పెట్టారు. దాని కింద దండం పెట్టే బొమ్మలు బారులు తీరాయి.

మధ్యాహ్నానికి దండాలు అయిపోయి వాదన మొదలైంది.

"గసొంటి కూతగాడు మల్ల జుబైల్‌కు రాడు."

"ఎన్ని కప్పులు దెచ్చిండే? ఒక్కటి జెప్పు."

"ఏలు ఇరిగినా కట్టు గట్టుకొని ఆడిండు. నీకు జొరమొస్తె నువ్వు డ్యూటీకే పోవు."

"అన్ని మంచిగనే ఉన్నయి. ఫైనల్ల దమ్ము సాల్లే. గది సుత జెప్పుండ్రి."

ఆ తరువాతి సందేశం ఆయన నంబరు నుంచే వచ్చింది. "నేను ఆయన బిడ్డను. బాపు ఫోన్ నా దగ్గరుంది. రెఫరీ సార్ ఈ గ్రూపుల ఉన్నరని బాపు చెప్పేటోడు. సార్, మా బాపుకు నిజంగనే దమ్ము సాల్లేదా?"

గ్రూపు అంతా చూసింది. ఆ రెఫరీని నేనే. రెండు రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి చదవాలి, మిగతావాళ్ళూ చదవాలి.

నేను గుంటూరు వైపువాణ్ణి. ప్లానింగ్ ఇంజనీరుగా వచ్చి ఇక్కడే ముసలివాణ్ణయ్యాను. ఆయన రిగ్గరు, అంటే క్రేను ఎత్తే బరువులకు తాళ్ళూ గొలుసులూ కట్టే మనిషి. ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పనుల్లో, ఎండ ఇనుమును కాల్చేవేళ, కొక్కెం తగిలించే ముందు ప్రతి తాడునూ ఒకసారి చేత్తో గుంజి చూసేవాడు. కాగితం మీద లెక్క వేసి ఇచ్చాను కదయ్యా అంటే, "కాయిదం మీద బరువు మీకు ఎర్క సార్. నా చెయ్యికి సుత ఎర్క గావాలె" అనేవాడు. నేను చాలా పుస్తకాలు చదివాను. పని గురించి అంత పొదుపుగా చెప్పిన వాక్యం వాటిలో తక్కువ.

శుక్రవారాల్లో క్యాంపు వెనక ఇసుకలో, ముగ్గుపిండితో గీతలు గీసి కబడ్డీ ఆడేవారు. నేను మా క్యాంపువాణ్ణే అయినా ఈల నా చేతికే ఇచ్చేవారు. నలభై దాటినా మా జట్టులో ఆయనదే మొదటి కూత. అవతలివాళ్ళు అరుస్తూ తొడలు చరిచేవారు. ఆయన మాత్రం ఏదో లోపల చదువుకుంటున్నట్టు గొంతు బాగా తగ్గించి కూత పెట్టేవాడు. అది వినబడాలంటే రెఫరీ దగ్గరకు పోయి, వంగి, ఆయనతోపాటు పరుగెత్తాలి. నాకు విసుగు. "కాస్త గట్టిగా కూయవయ్యా" అంటే, "గట్టిగ గూస్తె దమ్ము గాలికి పోతది సార్" అనేవాడు. భుజం జారినా, మోచేతులు చెక్కుకుపోయినా ఒకటే మాట: "నొప్పి ఉంటదిగని దానితోని ముచ్చట వెట్టద్దు."

ఇక ఆ ఫైనల్ సంగతి.

సౌదీలో నితాఖత్ అనే చట్టం వచ్చిన ఏడాది అది. కంపెనీలకు రంగులు వేశారు. సౌదీలను తగినంతమందిని పెట్టుకోని కంపెనీ ఎరుపులో పడేది. అందులో ఉన్న మన మనిషికి ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రెన్యువల్ లేదు. గడువులోపల ఆకుపచ్చ కంపెనీకి మారాలి, లేదా ఎగ్జిట్ మీద ఇంటికి పోవాలి. అవతలి జట్టులో మూల కాచే ఆటగాడు నిజామాబాద్ వైపు స్కాఫోల్డర్, పైపులతో పరంజాలు కట్టేవాడు. వాడి కంపెనీ ఎరుపులో ఉంది. మర్నాడే కొత్త కంపెనీలో ట్రేడ్ టెస్ట్, పరంజా ఎక్కి పని చేసి చూపించే పరీక్ష. ఆటకు ముందు టీ తాగుతూ మా రిగ్గర్‌తో వాడే సంబరంగా చెప్పుకున్నాడు. ఆ కొత్త కంపెనీ ఫోర్‌మన్ కూడా ఆట చూడడానికి వచ్చి, గీత పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

ఆఖరి కూత. మేము ఒక్క పాయింటు వెనక. మా రిగ్గర్ ఇద్దరిని తాకి తిరిగాడు. స్కాఫోల్డర్ దూకి కాలు పట్టాడు, వాడి మీద మరో నలుగురు పడ్డారు. అంత బరువునూ ఈడ్చుకుంటూ మా రిగ్గర్ మధ్య గీతకు జానెడు దూరం దాకా వచ్చాడు. కూత నడుస్తూనే ఉంది. నేను నేలకు వంగి చెవి పెట్టి ఉన్నాను. అప్పుడు ఆ గుట్ట అడుగు నుంచి స్కాఫోల్డర్ గొంతు సన్నగా వచ్చింది: "అన్నా, మోకాలు... తిరుగుతుంది..."

కూత ఆగింది.

ఊపిరి అయిపోయినవాడి కూత ముందు పలచబడుతుంది, ముక్కలవుతుంది, తరువాత ఆగుతుంది. అలాంటివి వందలు విన్నాను. ఇది నిండుగా ఉండగానే ఆగింది. ఆయన గుంజడం మాత్రమే మానితే సరిపోయేది కాదు. పైనున్న నలుగురూ ఆ మోకాలిని ఇంకా నలిపేవారు. కూత తెగితేనే రెఫరీ ఈల వేస్తాడు, ఈల వేస్తేనే అందరూ ఒక్కసారిగా వదులుతారు. అది తెలిసి ఆపాడు. నేను ఈల వేశాను. అందరూ లేచారు. మేము ఓడిపోయాం.

లేస్తూనే నా చెయ్యి పట్టుకుని చెవిలో అన్నాడు: "సార్, మీరు ఇన్నరు. మీ కడుపుల వెట్టుకోండ్రి. గాళ్ళ ఫోర్‌మన్ గీడనే ఉన్నడు. కాలు బాగలేదని తెలిస్తె రేపు పైపు ఎక్కనియ్యరు."

మా కెప్టెన్ అప్పటికే మీదికి వచ్చాడు. "జానెడు దూరం దమ్ము ఆపలేకపోయినవా? అందరి ఇజ్జత్ తీసినవ్ గదనే! పో, గాజులు దొడుక్కో పో!" ఆ కెప్టెన్‌గారే మొన్న గ్రూపులో "ఉక్కు మనిషి" అని పద్యం లాంటిది పెట్టారు. బాగానే ఉంది. కానీ కెప్టెన్‌గారూ, మరుసటి శుక్రవారం జట్టు పట్టీలోంచి ఆ ఉక్కు మనిషి పేరు కొట్టేసింది తమరే. ఆ తరువాత ఆయన మళ్ళీ ఆడలేదు. కప్పులెన్ని అని అడిగినవారికి కూడా ఇదే నా జవాబు.

ఇతరులను అనడం తేలిక. నా సంగతీ చెప్పాలి. ఆ రోజు అందరూ నా చుట్టూ మూగి అడిగితే, "కూత తెగింది" అన్నాను. అది అబద్ధం కాదు. బాగా చదువుకున్నవాడికి అబద్ధం ఆడకుండా అన్యాయం చేయడం వస్తుంది. అక్కడితో ఆగినా ఆయన అడిగింది చేసినట్టే అయ్యేది. నేను ఆగలేదు. ఓడిన కోపంలో, ఇక్కడి తెలుగు సంఘం సావనీరులో జట్టు చరిత్ర రాస్తూ ఆయనకు ఒక వాక్యం ఇచ్చాను: "ఆఖరి కూతలో ఊపిరి చాలక తడబడ్డాడు." ఆయన నా గదికి వచ్చి, ఆ పేజీ మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. "మంచిగ రాసిండ్రు సార్. ఎవ్వలికి అనుమానం రాదు" అన్నాడు. ఎత్తిపొడుపేమోనని మొహం చూశాను. కాదు.

తరువాత వెంట ఉన్న కుటుంబాల మీద లెవీలు, అంటే నెలనెలా కట్టే పన్నులు, వచ్చాయి. కుటుంబాలు వెళ్ళిపోయాయి, క్యాంపులు పలచబడ్డాయి. స్కాఫోల్డర్ కూడా చాలా ఏళ్ళు పనిచేసుకుని ఇంటికి పోయాడు. ఇక నిజం చెబితే ఎవరికీ నష్టం లేదు. రిగ్గర్ కూడా అప్పటికి బతికే ఉన్నాడు. అయినా నేను చెప్పలేదు. అచ్చులో రాసిన మాట తప్పని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. మిగతా కారణాలన్నీ సాకులు.

అమ్మా, నీ ప్రశ్నకు రెఫరీగా నా తీర్పు ఇది. మీ బాపు కూత తెగలేదు. ఆయనే తెంపాడు. ఊపిరి ఇంకా ఉంది. గీత దాకా, గీత దాటి కూడా సరిపోయేంత ఉంది. చెవి పెట్టి విన్నవాణ్ణి చెబుతున్నాను.

ఇంకొకటి కూడా చూశాను. కెప్టెన్ తిడుతున్నంతసేపూ, మావాళ్ళు భుజాలు తోస్తున్నంతసేపూ, మీ బాపు వాళ్ళ వైపు చూడలేదు. ఆయన కళ్ళు అవతల, ఇసుకలో నడిచిపోతున్న స్కాఫోల్డర్ కాళ్ళ మీద ఉన్నాయి. వాడు ఫోర్‌మన్ కుర్చీ ముందు నుంచి కుంటకుండా, నవ్వుతూ, చెయ్యి ఊపుతూ పోయాడు. బస్సు దగ్గర కమ్మీ పట్టుకుని ఒక మెట్టు ఎక్కాడు. ఆగాడు. రెండో మెట్టు ఎక్కాడు. లోపలికి పోయాడు. అప్పుడు మీ బాపు అందరి మధ్యా ఇసుకలో చతికిలబడి, వాళ్ళు పట్టి గుంజిన తన మోకాలు రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా రుద్దుకోవడం మొదలుపెట్టాడు.