ఆర్కిడ్‌కు మజ్జిగ తాగించిన పండితుడు

నన్ను నమ్మి అప్పగించిన ఒక మూగప్రాణానికి నా చేతులతో నేనే విషం పూసిన ఘోరం ఇది. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వుకోండి. చివరికి వచ్చేసరికి, ఆనాడు నేను నిలబడినట్టే, మీరూ నోరు మూసుకుని నిలబడాల్సి వస్తుంది.

అప్పటికి నాకు అరవై రెండేళ్లు. కుర్రతనం! బడి చదువు ఐదో తరగతితో ఆగినా, పకోడీల పొట్లం కాగితం మొదలు సెల్‌ఫోను దాకా దొరికిందల్లా చదివి సొంతంగా పండితుణ్ణయ్యాను. లాస్‌పేటలో మా పైవాటాలో ఉండే కమలమ్మ, నెలరోజులు చెల్లెలింటికి పోతూ తన ఆర్కిడ్‌ను నాకు అప్పగించింది. దానికి మట్టి అక్కర్లేదు. మామిడి చెక్కను వేళ్లతో కావలించుకుని గోడకు వేలాడుతుంది. దాన్ని ఆ చెక్కకు కట్టింది ఆమె భర్త. ఆయన పోయాక అది ఒక్కసారీ పూయలేదు.

"ఏమీ చెయ్యొద్దన్నా. పొద్దున ఇన్ని వాననీళ్లు చల్లు, చాలు. ఆయన చేత్తో కట్టింది ఇదొకటే మిగిలుండాది నాకు," అంది.

ఏమీ చెయ్యకుండా కూర్చోడానికి నాలాంటి పండితుడెందుకండీ? రోషం పొడుచుకొచ్చింది. చెక్కకు పాచి పట్టిస్తే వేళ్లకు తడి నిలుస్తుందని, పాచిని మజ్జిగలో రుబ్బి పూస్తే చాలని ఫోనులో చదివాను. ముందు చెక్క ముఖాన పేరుకున్న నల్లటి మురికినంతా గీకేశాను. వెనకవైపు బద్ధకించాను. స్నానాలగది గోడ మీది పాచిని అట్లకాడతో గీకి, ఫ్రిజ్‌లోని మజ్జిగ పోసి మిక్సీ తిప్పాను.

మా ఆవిడ సరోజ పరుగున వచ్చింది.

"ఏందయ్యా ఆ పచ్చడి? ఎవరికి పెడతావు?"

"చెక్కకి."

"మనుషులెవురూ తినేది లేదన్నారా?"

"ఇది శాస్త్రం. నీకర్థం కాదు."

"శాస్త్రమో గీస్త్రమో, నా మిక్సీ నువ్వే కడగాల!"

పెళ్లికూతురికి నలుగు పెట్టినట్టు చెక్క ముఖానికీ వేళ్లకూ సందుసందునా పూశాను. వారం తిరిగేసరికి వేళ్లు వైతికుప్పం సముద్రపొడ్డు ఇసుకలో ఎండేసిన చేపల్లా ముడుచుకున్నాయి. ఆకులు పసుపు తిరిగాయి.

"సరోజా, ఆ మజ్జిగలో ఏమైనా కలిపావా?"

"కలపకుండా మజ్జిగేంది? ఉప్పు, ఇంగువ, అల్లం, కరేపాకు. చప్పగుంటే గొంతు దిగదని నువ్వే గదా అరిచేది!"

చూశారా అన్యాయం! మజ్జిగ అని రాసిన ఆ మహానుభావుడు "ఉప్పు లేనిది" అని ఒక్క ముక్క రాస్తే వేళ్లరిగిపోతాయా? పాచి పెంచబోతే ఉన్న వేరు ఊడింది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు. ఇక్కడ ఉప్పు తిన్నది ఆర్కిడ్, నీళ్లు మోసింది నేను. డ్రమ్ములో పట్టి ఉంచిన వాననీళ్లన్నీ అయిపోయేదాకా నా పళ్ల బ్రష్షుతోనే కడిగాను.

"కమలక్కకు ఏం చెప్తావు?" అంది సరోజ.

చెక్కను ఆరుబయట మేకుకు తగిలించి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చేతులు కట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు దిగింది తమిళనెల ఐప్పసి వాన. పదిరోజులు ఆగకుండా కురిసింది. మొక్కను ముట్టుకునే ముఖం నాకు లేదు.

తెరిపిచ్చిన పొద్దున వెళ్లి చూస్తే, అయ్యా, ఏమని చెప్పను! నేను పండితుణ్ణై గీకిన ముఖం బోడిగానే ఉంది. బద్ధకించి వదిలేసిన వెనకవైపు మాత్రం పచ్చగా మెరుస్తోంది. నేను మురికనుకున్నది పాచే! ఎండిపోయి, నల్లబడి, వాన కోసం కాచుకుని పడుకుంది. భూతద్దం తెచ్చి చూశాను. పోగుపోగుకూ ఒక చుక్క, చుక్కచుక్కలో తలకిందులుగా ఆకాశం. ఆ పచ్చదనంలోకి బియ్యపుగింజంత కొత్త వేరు పాకుతోంది. ఆకు సందులో పూలకాడ మొన తొంగిచూస్తోంది. నా చదువంతా ఆ గోరంత పాచి ముందు పకోడీల పొట్లమే.

కమలమ్మ తిరిగొచ్చేసరికి కాడ వేలెడంత సాగింది. ఆమె దాన్ని వేలికొసతో మెల్లగా తడిమి చూసింది.

"ఏం చేసినావన్నా?" అంది చివరికి, కళ్లు తుడుచుకుంటూ.

"నువ్వు చెప్పినట్టే. ఏమీ చెయ్యలేదు."

"అవునక్కా," అంది వెనక నుంచి సరోజ. "మజ్జిగ తాగించినాడు, అంతే. పాపం అది చప్పగుందని ఒక్క మాటన్లా."

కావున ఉప్పు, ఇంగువ, అల్లం, కరివేపాకు సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పచ్చగా బతికేదాని జోలికి ఇకపై నా తెలివిని పోనివ్వను. ఆనాటి నుంచి మా ఇంట్లో మజ్జిగ చప్పగానే ఉంటోంది. నేను కిక్కురుమనకుండా తాగుతున్నాను.